వనమునకు ఒదిగిన దారుగృహము



చెన్నపట్టణమునకు దక్షిణముగా సముద్రపుటొడ్డు రహదారి వెంట పోవుచుండగా, కోవళము చేరుటకు ముందు ముట్టుకాడు అను గ్రామము తగులును. అచ్చట దక్షిణచిత్ర అను పేర దక్షిణదేశపు పాత యిండ్లకు ఒక ప్రదర్శనశాల కలదు. డెబొరా త్యాగరాజన్ 1984లో స్థాపించిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ ఆధ్వర్యమున, లారీ బేకర్ తొలి రేఖలు గీయగా, బెన్నీ కురియాకోస్ వానిని విస్తరించి నిర్మాణము సాగింపగా, 1996 డిసెంబరు 14వ తేదీన దాని తలుపులు ప్రజలకు తెరిచినారు. అందు కేరళ విభాగములో, కొట్టాయము ప్రాంతపు పుదుప్పళ్ళి నుండి తెచ్చిన సిరియన్ క్రైస్తవ కుటుంబపు ఇల్లు ఒకటి ఉన్నది. 1850 నాటి ఆ యింటిలో గోడలును కొయ్యవే, పైకప్పును కొయ్యదే, ధాన్యము నిలువచేయు అరయును కొయ్యదే. కొన్ని వందల మైళ్ళ దూరములో పుట్టిన ఆ యిల్లు ఈనాడు ముట్టుకాటి ఇసుకనేల మీద నిలిచియుండుటకు కారణము, దానిని విప్పుటకు వీలగుటయే. వడ్రంగులు కొయ్యకు కొయ్యను విడదీసి, మోసుకొనివచ్చి, మరల కూర్చినారు.

చెట్లనడుమ కొయ్యయిల్లు కట్టుకొనవలెనను కోరిక నేడు పట్టణవాసులలో ప్రబలముగా ఉన్నది. చెంగల్పట్టు వైపున, పులికాటు వైపున తోటలు కొనుక్కొని, విదేశపు పత్రికలలోని మంచుకొండల కుటీరముల బొమ్మలు చూపి, అటువంటిదే కట్టిపెట్టుమని అడుగువారు పెక్కుమంది. నా మనవి యేమనగా, వనమునకు ఒదుగుట యనునది గోడలకు కొయ్య తాపుటతో సిద్ధించునది కాదు. ఆ వనము ఏ జాతిదో, ఎంత యెత్తు పెరుగునో, దాని మీద ఏ గాలి ఏ నెలలో వీచునో తెలిసికొని, దానికన్న తగ్గి నిలిచి, కాలము తీరినపుడు నేలకు గాయము చేయక విప్పుకొని పోగలిగిన యిల్లే వనమునకు ఒదిగిన యిల్లు.

చెన్నపట్టణపు వనము ఎట్టిదో ముందుగా చూతము. గిండీలో రాజభవనపు ప్రక్కన మిగిలియున్న అడవిలోను, 1978లో జాతీయోద్యానముగా ప్రకటించిన ఆ కొద్దిపాటి భూమిలోను, ఈ తీరపు స్వభావము ఇంకను కనబడుచున్నది. దీనిని అటవీశాస్త్రజ్ఞులు ఉష్ణమండలపు శుష్క సతతహరితారణ్యమని వర్గీకరించినారు. పేరులోనే ఒక వైరుధ్యము తోచును గాని, చూచినవారికి అది సత్యమని తెలియును. నైరృతి ఋతుపవనము ఇచ్చట అంతగా కురియదు. సాలుకు సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడగా, అందులో అధికభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యము నుండియే వచ్చును. ఏడెనిమిది మాసముల అనావృష్టిని ఓర్చుకొనుచు, ఆకు రాల్చక, చిన్నవియు మందమైనవియు నగు పత్రములతో పాల, నేరేడు, అల్లి, ముష్టి, అడవినిమ్మ చెట్లు ఒకదానినొకటి పెనవేసికొని పెరుగును. ఈ వనము మలబారు అడవివలె ఆకాశమున కెగబ్రాకదు. తొమ్మిది మొదలు పన్నెండు మీటర్ల యెత్తున దాని పందిరి కుదురుకొనును. అందుచేత ఇచ్చట రెండంతస్తుల కట్టడము కట్టినచో, ఎంత మేలైన టేకుతో కట్టినను, అది పందిరి యెత్తునకు చేరువై, గాలికిని ఎండకును మరింతగా ఎదురు నిలువవలసి వచ్చును. ఒకే అంతస్తు, కొప్పు నేలకు అయిదారు మీటర్లు మించని కప్పు ఉన్న యిల్లే ఈ చెట్ల నీడకు లోబడి యుండును.

ఈ వనమునకు తగిన తొలి గృహము ఎవరు కట్టినారని అడిగినచో, తెలుగువారమైన మనము శ్రీహరికోట వైపు చూడవలెను. చెన్నపట్టణమునకు ఉత్తరముగా, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న ఆ దీవిలో ఈ జాతి అడవియే విస్తారముగా ఉన్నది. ఒకానొక కాలమున ఆ దీవి కట్టెలు బకింగ్‌హాము కాలువ మీద పడవలలో వచ్చి చెన్నపట్టణపు పొయ్యిలను వెలిగించినవి. 1971లో అచ్చటినుండి తొలి రాకెట్టు ఎగురుటకు ఎంతయో పూర్వమే ఆ అడవిలో యానాదులు నివసించినారు. తేనె, గడ్డలు, మూలికలు ఎరిగిన ఆ జనుల గుడిసె ఎట్టిది? సన్నని కొయ్యలు పాతి, కొనలు చేర్చి, తాటియాకుతోనో గడ్డితోనో కప్పినది. నడుము వంచి లోపలికి పోవలసినంత తగ్గుగా ఉండును. దానిని చూచి బీదరికము మాత్రమే గుర్తించిన అధికారులు, యాత్రికులు పెక్కుమంది. బీదరికము ఉన్నమాట నిజమే, దానిని సౌందర్యముగా వర్ణించుట నాకు సమ్మతము కాదు. అయినను ఆ గుడిసె నిర్మాణములో వనమును గూర్చిన జ్ఞానము కలదు. గాలికి తల వంచిన ఆకారము, చెట్టును నరకక కొమ్మతోనే సరిపుచ్చుకొన్న మితత్వము, విడిచిపోయినచో ఒకటి రెండు వర్షర్తువులలో మన్నులో కలిసిపోవు స్వభావము అందు గలవు. శిల్పశాస్త్రము చదివినవారు సైతము దానిముందు కొంతసేపు నిలిచి చూడదగును.

గాలి మాట వచ్చినది గనుక దానిని కొంత వివరింపవలెను, ఏలయనగా ఈ తీరమున ఇల్లు కట్టువానికి వాన రెండవ శత్రువు, గాలి మొదటి శత్రువు. 2016 డిసెంబరు 12వ తేదీన వర్ధా తుపాను చెన్నై మీదుగా తీరము దాటినపుడు నగరములో వేలకొలది వృక్షములు కూలినవి. వీధులలో నీడకొరకు నాటిన విదేశీవృక్షములు ఎన్నియో వేళ్ళతో పెకలి పడినవి. అడయారులో దివ్యజ్ఞానసమాజపు తోటలోని మహావటవృక్షము ప్రధానకాండమైతే అంతకు పూర్వమే, 1989లో, గాలివానకు నేలకొరిగినది. ఊడలు మాత్రము నిలిచి ఆ మఱ్ఱిని బ్రతికించుచున్నవి. కాబట్టి చెట్టుక్రింద ఇల్లు అన్న మాటలో ఏ చెట్టు అన్న ప్రశ్న ముందు రావలెను. తురాయి వంటి పెళుసు కొమ్మల చెట్టుక్రింద పడకగది పెట్టరాదు. పాల, వేప, నేరేడు వంటివాని చేరువ మేలు. అప్పుడును వేళ్ళకు దూరముగా, కాండము ఊగుటకు చోటు విడిచి ఇల్లు నిలుపవలెను.

దక్షిణచిత్రలోనే ఆంధ్ర విభాగమున హరిపురము చుట్టిల్లు కలదు. గుండ్రని మట్టిగోడ, దానిపై మోకాలియెత్తు వరకు జారిన తాటాకు కప్పు. ఉత్తరాంధ్ర తీరములో శ్రీకాకుళము, విశాఖపట్టణము పల్లెలలో ఇట్టి చుట్టిండ్లు తరతరములుగా ఉన్నవి. మూలలు లేవు గనుక గాలికి పట్టు దొరకదు. చూరు క్రిందికి దిగియున్నది గనుక గాలి లోపల జొరబడి కప్పును పైకెత్తలేదు. ఇంజనీర్లు నేడు తుపాను ప్రాంతములకు చెప్పు సూత్రములు ఈ పల్లెటూరి వివేకమునకు దగ్గరగానే ఉన్నవి. రెండు వాలుల కప్పుకన్న నాలుగు వాలుల కప్పు మేలనియు, వాలు ముప్పది డిగ్రీలకు చేరువగా ఉండవలెననియు, చూరు మితిమీరి బయటికి చాచరాదనియు, వసారా కప్పును నడిమి కప్పుతో కలపక వేరుగా వేయవలెననియు వారు చెప్పుదురు. వసారా ఎగిరిపోయినను ఇల్లు మిగులవలెనని దాని భావము. ఇచ్చట ఒక చిక్కు కలదు. ఎండకును జల్లునకును చూరు పొడవుగా కావలెను, గాలికి పొట్టిగా కావలెను. ఈ రెంటి నడుమ సంధి కుదుర్చుటే శిల్పి పని. నా మట్టుకు, చూరును పొట్టిచేయుటకన్న, దాని క్రింద స్తంభముల వరుస నిలిపి వసారాగా మార్చి, ఆ స్తంభములను అడుగున రాతికిని పైన దూలమునకును గట్టిగా బిగించుట ఉత్తమమని తోచుచున్నది. నీడయు దక్కును, కప్పును నిలుచును.

ఇక కొయ్యను కొయ్యతో కలుపు విద్య. పుదుప్పళ్ళి ఇంటిని నేను మిక్కిలి గౌరవించుట ఇందుకే. ఒక కొయ్య కొనను సన్నముగా చెక్కి, రెండవదానిలో తొలిచిన రంధ్రమున దిగవేసి, అడ్డముగా కొయ్యచీల బిగించుట కేరళపు వడ్రంగవిద్యయగు తచ్చుశాస్త్రమున పరమావధికి చేరినది. అచ్చట వాసములన్నిటి గుండా అడ్డకొయ్యలను దూర్చి కప్పునంతయు ఒక్క కూర్పుగా చేయుదురు. ఇనుపమేకు కొట్టిన చోట తేమకు తుప్పుపట్టి, ఆ తుప్పు చుట్టునున్న కొయ్యను తినివేయును. ఉప్పుగాలి వీచు మన తీరమున ఈ హాని మరింత శీఘ్రము. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. వానకాలమున తేమను పీల్చి కొయ్య అడ్డముగా ఉబ్బును, వేసవిలో మరల కుంచించుకొనును. నిలువుగా మాత్రము దాదాపు మారదు. మేకు ఈ కదలికను ఒప్పుకొనక కొయ్యను చీల్చును. చీలతో కూర్చిన కీలు దానితోపాటు తానును కదలును. చెన్నపట్టణమునకు రేవు లేని దినములలో, ఓడలనుండి జనమును సరకులను ఒడ్డునకు చేర్చిన మసూలా పడవలను పలకలకు మేకులు కొట్టక కొబ్బరినారతో కుట్టెడివారు. అలల దెబ్బకు బిగువైన పడవ పగిలిపోగా, కుట్టిన పడవ వంగి, ఓర్చుకొని, ఒడ్డు చేరెడిది. తీరపు కొయ్యయింటికిని ఆ ఓర్పే కావలెను.

చెదపురుగు సంగతి చెప్పక ఈ విషయమును దాటిపోరాదు. అడవినేలలో చెదలు ఉండుట దోషము కాదు. రాలిన కొమ్మను మన్నుగా మార్చు పని వానిది, ఆ పని లేనిచో అడవియే లేదు. మన యింటికొయ్యను రాలిన కొమ్మయని అవి పొరబడకుండ చూచుకొనుట మన పని. విషము చల్లి నేలను చంపి, దానిమీద వనగృహము కట్టితిమనుట నాకు మనస్కరింపదు. పూర్వులు కొయ్యస్తంభమును నేలలో పాతక రాతిదిమ్మపై నిలిపినారు. రాయి తేమను పైకి ఎక్కనీయదు. అంతేకాదు, చెదలు వెలుతురును ఓర్వలేవు గనుక మట్టితో సొరంగము కట్టుకొనియే ఎక్కవలెను. ఆ సొరంగము రాతిమీద కంటికి కనబడును, చీపురుతో తుడిచివేయవచ్చును. నేలనుండి రెండడుగుల యెత్తున రాతిదిమ్మలపై ఇల్లు నిలిపి, క్రింద మనిషి వంగి చూడగలిగినంత చోటు విడిచినచో, వాననీరు అడ్డులేక ప్రవహించును, చెట్లవేళ్ళు తెగవు, పాములు, ముంగిసలు తమ దారిన పోవును, ఇంటివాడు నెలకొకసారి దీపము పట్టి క్రింది కొయ్యను పరీక్షింపగలుగును. పునాది కొరకు నేలనంతయు త్రవ్వి కాంక్రీటు పోయు పద్ధతికన్న ఇది చవుక, వనమునకు క్షేమము.

కొయ్యలోను చేవ ఉన్నదే కొయ్య. చేవదేరిన టేకులో చెదలకు గిట్టని సహజద్రవ్యములు ఉన్నవి. చేవ చుట్టునున్న తెల్లచెక్కలో అవి లేవు, కావున లేతటేకు కొని మోసపోవుటకన్న ముదిరిన పనస, వేగిస, నల్లమద్ది మేలు. ముదురుతాడు దూలములు ఈ తీరమున ప్రసిద్ధములు. అయితే తాడు తమిళనాటికి రాష్ట్రవృక్షము, ఉన్నవానిని నరకుట నేడు తగని పని. బయటి కొయ్యకు మెరుగునూనెలు పూసి అద్దమువలె చేయకుడు. పడవలవారు వాడు జీడిపిక్కల నూనె పూసి ఎండకు వదలినచో, ముదురు గోధుమవన్నెకు మారి, కాలక్రమమున చెట్టుబెరడు బూడిదరంగునకు చేరువగును.

కప్పుపై రాలు ఆకులను తలచుకొని కప్పు గీయవలెను. రెండు వాలులు కలిసి నడుమ పల్లము ఏర్పడు కప్పు బొమ్మలో అందముగా ఉండును గాని, చెట్లక్రింద ఆ పల్లము ఆకులతో పూడిపోయి, ఈశాన్యపు వానలలో నీరు లోపలికి దిగును. 1865లో బాసెల్ మిషనుకు చెందిన ప్లెబ్స్ట్ మంగుళూరులో పెంకుల కర్మాగారము పెట్టిన తరువాత మన ప్రాంతములకు వ్యాపించిన బంగళాపెంకు తేలికగా ఒకదానిలో ఒకటి అతుకును, విరిగినది మార్చుటయు సులభము. నిడుపైన సరళమైన వాలు, దానిపై పెంకు, చూరునుండి జారిన నీరు పడుచోట గులకరాళ్ళు. ఇంతే చాలును.

స్థలము ఎన్నుకొనుటలో నాకు బేకర్ వైఖరి ఆదర్శము. తిరువనంతపురమున చిరకాలము పనిచేసిన ఆయన, అడ్డమువచ్చిన చెట్టును కొట్టక గోడనే వంచెడివాడు. కాగితముపై చతురస్రము గీసి, పిదప దానిని స్థలము మీద మోపుట మన అలవాటు. దానికి బదులుగా, ప్రతి చెట్టును దాని పందిరి వెడల్పుతో సహా పటములో గుర్తించి, వానకు నీరు నడచు దారిని గుర్తించి, మధ్యాహ్నము సముద్రము నుండి వచ్చు ఆగ్నేయపు గాలిని గుర్తించి, మిగిలిన ఖాళీలో ఇల్లు ఎట్లు పట్టునో చూడవలెను. పట్టకపోయినచో ఒక గది తగ్గింపవలెను. వరాహమిహిరుడు బృహత్సంహితలో, ప్రతిమలకు కొయ్య తెచ్చుటకై వనము ప్రవేశించు విధిని ప్రత్యేకముగా చెప్పినాడు. చెట్టును కొట్టుటకు ముందు దానిని ఆశ్రయించిన భూతములను పూజించి, వేరొక నివాసము చూచుకొనుడని ప్రార్థింపవలెనట. ఆ ప్రార్థనలోని వినయము నేటి శిల్పికిని అవసరమే. మనము చేరుచున్నది ఖాళీస్థలము కాదు, అంతకుముందే నివాసులున్న చోటు.

తిరువాన్మియూరులో రుక్మిణీదేవి తన నాట్యవిద్యాలయమైన కళాక్షేత్రమునకు సముద్రము చేరువ ఇసుకనేలలో స్థలము తీసికొని, చెట్లు పెంచి, ఆ నీడలో కుటీరములవంటి తరగతిగదులు నిలిపినారు. అచ్చటి రంగశాలను కేరళ ఆలయములలోని కూత్తంబలములను నాట్యశాలల సంప్రదాయమున డి. అప్పుకుట్టన్ నాయర్ రూపొందించినారు. అడవి లేనివారు అడవిని పెంచి తరువాత ఇల్లు కట్టవచ్చునని ఆ ఆవరణ చెప్పుచున్నది. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

అయినను, కొయ్యయిల్లు కట్టుటకు అడవి నరుకవలెను గదా, వనప్రేమ ఎక్కడ ఉన్నదని శ్రోతలలో ఎవరైన అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది, దీనిని తప్పించుకొనిన ప్రసంగము అసంపూర్ణము. 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ ప్రభుత్వ కట్టడములలో కలప వాడుకను నిషేధించినది. 1996 డిసెంబరు 12వ తేదీన, దక్షిణచిత్ర తెరుచుటకు సరిగా రెండు దినములు ముందు, గోదవర్మన్ తిరుముల్పాడు వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు దేశమంతట అడవులలో చెట్లు కొట్టుటను కట్టడిచేసినది. నీలగిరులలోని గూడలూరు అడవులు కండ్లయెదుట తరిగిపోవుట చూచి ఆయన కోర్టునకు పోయినాడు. 2020లో ప్రజాపనుల శాఖ తన నిషేధమును ఎత్తివేసినది. సిమెంటు, ఉక్కు, అల్యూమినియము తయారగుటకు కాలు ఇంధనమును లెక్కించినచో, నాటి పెంచి కొట్టిన కలపయే భూమికి తేలికయని ఇప్పుడు పలువురు ఒప్పుకొనుచున్నారు. నేను ఇంకొక అడుగు ముందుకు పోయి, చెట్టును కొట్టకయే కొయ్యయిల్లు కట్టవచ్చునని చెప్పుదును.

మన నగరములో, మైలాపూరులో, జార్జిటౌనులో, తిరువళ్ళిక్కేణిలో పాతయిండ్లు నిత్యము కూలుచున్నవి. వాని కప్పులను మద్రాసు మిద్దెలందురు. టేకు దూలములు దగ్గరదగ్గరగా పరచి, వానిపై సన్నని ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నముతో పేర్చి చేసిన మిద్దె అది. ఆ దూలములలో పెక్కింటిది బర్మాటేకు, నూరేండ్లు కప్పును మోసి, ఎండి, కుదురుకొని, ఇక వంగుట దాదాపు మరచినది. చెట్టినాటి భవనములు విప్పగా వచ్చిన స్తంభములును ద్వారబంధములును కారైకుడి దుకాణములలో అమ్మకమునకు నిలిచియున్నవి. ఇట్టి పాతకలపతో, పుదుప్పళ్ళి వడ్రంగుల కీళ్ళతో, హరిపురము చుట్టింటి తగ్గు చూరుతో, యానాది గుడిసె మితత్వముతో నేటి శిల్పి ఒక ఇల్లు గీసినచో, అది ఈ తీరపు వనమునకు పరాయిది కాదు.

ఇందుకు మీ సహాయము కావలెను. చెన్నైలోనేమి, నెల్లూరు, గూడూరు, ఒంగోలు ప్రాంతములలోనేమి, మీ తాతలనాటి ఇల్లు తీసివేయవలసి వచ్చినపుడు, దానిని గుత్తకు ఇచ్చి గడ్డపారలకు అప్పగింపకుడు. పని తెలిసిన వడ్రంగిని పిలిపించి, ఇంటి పటము గీయించి, ప్రతి దూలమునకు, ప్రతి వాసమునకు, ప్రతి ద్వారబంధమునకు సంఖ్య వేయించి, పైనుండి క్రిందికి వరుసగా విప్పింపుడు. కొయ్యలను నేలకు ఆనకుండ ఇటుకలపై పేర్చి, గాలి ఆడునట్లు నడుమ బద్దలుంచి, వాన తగులకుండ కప్పియుంచుడు. మీకు అక్కరలేకున్నచో, కట్టుకొనువారికి అమ్ముడు, కట్టెల అడితికి మాత్రము పంపకుడు.